రెండు గంటలకోసారి

పదింటికి ఎడమవైపు.
పన్నెండుకి వెల్లకిలా.
రెండింటికి కుడివైపు.
నాలుగింటికి మళ్ళీ ఎడమ.
వీపు పుండు పడకూడదని డాక్టరు రాసిచ్చిన కాగితం
జహ్రాలో ఈ ఇంటి మేడమీద, మంచం పక్క గోడకి అంటించి ఉంది.

ఉమ్ ఫలాహ్ బరువు ఎనభై కిలోలు.
నాది నలభై ఆరు.
మధ్యలో ఒక దుప్పటి, లాగడానికి.

మా మలికిపురం మందిరంలో ప్రార్థనంటే
డోలక్కు, గంజీర, మైకు.
గొంతు పోయేదాకా అరిస్తేగాని
దేవుడు విన్నట్టు ఉండేది కాదు.
ఇక్కడ గట్టిగా తుమ్మినా కింద మేడమ్‌కి మెలకువ.
మొదటి ఏడాదంతా నోరు మూసుకుని
దేవుడు లేని దేశమనుకున్నాను.

పక్కింట్లో వంటచేసే త్సెహాయ్
హబెషా మనిషి. బుధవారం, శుక్రవారం పాలు కూడా ముట్టదు.
చెత్తడబ్బా దగ్గర, ఇద్దరికీ వచ్చిన ముక్కల అరబ్బీలో
తనే నేర్పింది.
పాత అబాయా అంచునుంచి లాగిన నల్లదారం,
నలభై ఒక్క ముళ్ళు.
"ముడికొకసారి. పెదవి కదలక్కర్లేదు.
మా పాతకాలం సన్యాసులు కొండగుహల్లో ఇంతే."
గుహల్లో వాళ్ళకి డైపర్లు మార్చే పని లేదుగా, అన్నాను.
"ఏమో, ఒకళ్ళకొకళ్ళు మార్చుకున్నారేమో,
ముసలాళ్ళేగా" అంది.
చెత్తసంచులు పట్టుకునే నవ్వుకున్నాం.

ఊపిరి లోపలికి: యేసు ప్రభువా.
బయటికి: నన్ను కరుణించు.
ఏసీ చప్పుడులో కలిసిపోతుంది.

నిజం చెప్పాలంటే చాలా ముళ్ళు ఖాళీగానే పోతాయి.
పదో ముడి దగ్గర మూడు నెలల జీతం బాకీ,
ఆ పక్కనే దినారుకి ఇవాళ ఎంత అని,
ఇరవై దాటాక పెద్దాడి పాలిటెక్నిక్ ఫీజు.
లెక్క తప్పుతోందని త్సెహాయ్‌తో చెబితే
"వేలు పక్క ముడికి పోయిందా? చాలు" అంది.

దుమ్ముగాలి రాత్రి ఒకటి.
కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కి, నిద్రలేక, విసిగి,
రెండింటి వంతులో ఆమెని
గట్టిగా తిప్పాను.
కావాలనే.
మంచం కమ్మికి మోచెయ్యి కొట్టుకుంది.
ఆమె అరవలేదు. నావైపు చూసింది.
నా పేరు సువార్తమ్మ. ఈ ఇంట్లో ఎవరికీ నోరు తిరగదు.
"సువా" అంది, అంతే,
మంచినీళ్ళు అడిగినట్టు.

నీళ్ళే పట్టాను.
మోచేతికి వాజలైన్ రాశాను.
అప్పుడు తీశాను దారం.
అన్నాళ్ళూ "యేసు ప్రభువా" అన్నచోటే ఒత్తి పలికేదాన్ని,
పేరు వినపడితే వచ్చేస్తాడన్నట్టు.
ఆ రాత్రి వేలు "నన్ను" దగ్గర ఆగిపోయింది.
తెల్లారేదాకా ఒక్క ముడి దాటలేదు.

ఆమె దిండుకింద ఆమె జపమాల ఉంటుంది, పసుప్పచ్చ పూసలది.
చేతులు లేవవు కాబట్టి నేనే వేళ్ళ మధ్య పెడతాను.
ఏమంటుందో నాకు తెలీదు.
నేనేమంటానో ఆమె అడగలేదు.

నిన్న చార్జింగ్ అయిపోయి ఫోను అలారం మోగలేదు.
ఉలిక్కిపడి లేచి చూస్తే
గోడగడియారంలో నాలుక్కి రెండు నిమిషాలు తక్కువ.
వేలు ఏదో ముడిమీద ఉంది, ఎన్నోదో.
మసీదు మైకు ఇంకా గొంతు సవరించుకోలేదు.
దుప్పటి అంచు పట్టుకున్నాను.
ఊపిరి లోపలికి.
మెల్లగా, ఎడమవైపు.