జత తప్పినవి

మొదటిది మా విరజది.
ఊదా రంగు ఉన్ని గ్లవ్, బొటనవేలి దగ్గర చిన్న చిల్లు.
స్కూలు నుంచి వస్తూ ఎక్కడో జార్చుకుంది.
మర్నాడు వెతుక్కుంటూ వెళ్తే
క్రుక్స్ వాలులో చర్చి కమ్మీ మొనకి
ఎవరో తొడిగి ఉంచారు.
అయిదు వేళ్ళూ ఆకాశంలోకి చాపి
క్లాసులో జవాబు తెలిసిన పిల్లలా ఉంది.
తీసి జేబులో పెట్టుకునే ముందు
ఎందుకో ఫోటో తీశాను.

అంతే, ఇక కళ్ళకి అవే ఆనాయి.
బస్టాపు బెంచీ మీద మడిచి పెట్టిన తోలుది,
పొద కొమ్మకి నల్లది, వానకి ముద్దై,
గోడ మీద గులకరాయి బరువు పెట్టిన పసిబిడ్డది
(ఎగిరిపోతుందని ఎంత ముందుచూపు!).
షెఫీల్డ్ చలికాలం పొడుగునా
ఆస్పత్రికి నడిచే ఇరవై నిమిషాల దారిలో
నలభై ఒకటి.

రక్తం తీసే పని నాది.
రోజంతా నా ముందుకొచ్చేవి చేతులే.
మొహాలు గుర్తుండవు, నరాలు గుర్తుంటాయి.
పిడికిలి బిగించండి, ఇక వదలండి
అని అనీ అనీ
దారిలో కూడా వదిలేసిన చేతులే కనబడితే
వింతేముంది, అన్నాడు మా ఆయన.
ఆయనకి ఫోటో అంటే మనుషులుండాలి,
నవ్వాలి,
వెనకాల ఏదన్నా జలపాతం పడుతుండాలి.

ఒకటి గమనించాను: ఎక్కువ కుడిచేతివే.
ఫోను నొక్కడానికి విప్పేది ఆ చెయ్యేగా.

ఎవరు ఏరి పెడుతున్నారో తెలుసనుకున్నాను.
స్కూలు ముందు రోడ్డు దాటించే డోరీన్,
మెరిసే కోటు, గుండ్రటి బోర్డున్న కర్ర,
జేబునిండా పిల్లలు పారేసుకున్న హెయిర్ క్లిప్పులు.
ఆమె కాక ఇంకెవరు?
ఈస్టరుకి రిటైరవుతోందని విని
పుస్తకం చేద్దామనుకున్నాను.

ప్రింట్లు మందుల షాపు మెషీన్లో.
విరజ ఊదా అందులో నీలమైపోయింది, పోనీ.
జిగురు మాత్రం నేనే కాచాను.
చిన్నప్పుడు మా వీధిగోడకి సినిమా పోస్టర్లంటించే
సింహాద్రి చెప్పిన లెక్క:
గ్లాసు మైదాకి ఆరు గ్లాసుల నీళ్ళు,
ఉండ కట్టకుండా ఒకే వైపు తిప్పాలి.
పురుగు కొట్టకుండా ఇంత మైలుతుత్తం వేసేవాడు.
ఇక్కడ ఎవర్నడగను?
లవంగనూనె రెండు చుక్కలు వేశాను.
వంటిల్లంతా పంటి డాక్టరు వాసన.

పొడుగాటి కాగితం చీర కుచ్చిళ్ళలా మడిచి
మడతకొకటి అంటించాను.
అట్టలకి విరజకి బిగుతైన కార్డురాయ్ గౌను గుడ్డ.
మూడో మడత వంకర పోయింది.
రాత్రంతా దాని మీద గ్రైండరు రాయి పెట్టినా
వంకర వంకరే.

ఆమె ఆఖరి రోజు, రోడ్డు పక్కనే,
కర్ర గోడకానించి విప్పింది డోరీన్.
కుచ్చిళ్ళు ఊడినట్టు
నలభై ఒక్క చేతులూ పేవ్‌మెంటు మీదికి జారాయి.
కంగారుగా పోగుచేసుకుంటూ నవ్వింది.
"అయితే నువ్వేనా పిల్లా?
చలికాలమంతా అనుకుంటూనే ఉన్నాను,
ఎవరబ్బా ఇవి పెడుతున్నది అని."

నేను కాదు. మీరనుకున్నాను.

"నేనా? ఈ మోకాళ్ళతో?
వంగితే నన్నెవరు లేపుతారు?"

ఇద్దరం రోడ్డుకేసి చూశాం.
కుక్క వెనకాల నడిచే పెద్దాయన.
ఉత్తరాల సంచీ మోసే అమ్మాయి.
పలకరించినా పలకని ఎదురింటి కుర్రాడు.
ఒక్కొక్కళ్ళ చేతులూ చూశాను,
అందరివీ జేబుల్లోనే ఉన్నాయి.

కుడిచేత్తో ఇచ్చింది
ఎడమచేతికి తెలియకూడదని వింటూ పెరిగాను.
తెలియనిది ఎడమచెయ్యి ఒక్కదానికే అనుకున్నాను.

పుస్తకం ఆమే ఉంచుకుంది.
చివరి మడత ఖాళీ, లెక్క తప్పి మిగిలింది.
దాని మీద వేలితో రాసి చూసి
ఏమీ అనలేదు.

సోమవారం అదే కమ్మీకి
పసివాడి సాక్సు ఒకటి,
గాలికి సగం ఊడి వేలాడుతోంది.
ఫోను తీయబోయి, ముందు దాన్ని
మొన దాకా కిందికి లాగి బిగించాను.
అప్పటికే బస్సు మలుపు తిరిగింది.
పరిగెత్తాను,
ఫోటో తీయనే లేదు.