ఏడో నంబరు కుర్చీ

నా వేళ్లకి ఎప్పుడూ రెక్సిన్ వాసన.
ముప్పయ్యేళ్లుగా సీట్లు కుడుతున్నాను,
ట్రాక్టర్లవి, ట్రక్కులవి,
ఒకసారి శవాల బండిది కూడా.
ఈ దారం తెగదని రాసిమ్మని
ఎవరూ అడగలేదు.
నేనూ రాసివ్వలేదు.
తెగితే తిరిగొచ్చి నా మొహం చూస్తారని
ఇద్దరికీ తెలుసు, అంతే.

అందుకేనేమో జడ్జి
చెప్పకపోయినా చెప్పినట్టే లెక్కకొచ్చే హామీ ఒకటుంటుందని
చట్టం చదివి వినిపించినప్పుడు
మిగతా పదకొండుగురూ నుదురు చిట్లించారు గానీ
నాకు కొత్తగా అనిపించలేదు.

నెబ్రాస్కాలో జనవరి.
కోర్టు హీటరు ముసలాడిలా దగ్గుతోంది.
ముందు వరసలో ఎమిల్ కుచేరా
టోపీని మోకాలికి తొడిగి కూర్చున్నాడు.
అతని భార్య అర్లీన్
స్కూలు వంటగది నుంచి ఇంటికొస్తోంది ఆ సాయంత్రం.
రోడ్డు మీద కంటికానని మంచుపొర.
వ్యాను మూడు పొర్లింతలు పొర్లింది.
రెండో దానికే బెల్టు ఊడింది.
కోసేసిన మొక్కజొన్న మోళ్ల మధ్య
ఆమె దొరికింది, వ్యానుకి చాలా దూరంగా.

కంపెనీ లాయరమ్మ మంచి మనిషే,
నాకోసం ఒకసారి తలుపు పట్టుకుంది.
ఆమె చెప్పింది రెండే సంగతులు.
అర్లీన్ బెల్టు పెట్టుకోలేదు.
పెట్టుకుందే అనుకుందాం,
పుస్తకంలో ముప్పై ఒకటో పేజీ తీయండి:
ఇక్కడ రాయని ఏ హామీ మాది కాదు.
ఆవాలు చల్లినట్టున్నాయి అక్షరాలు.
నా కళ్లజోడు చాల్లేదు.

తర్వాత ఆసుపత్రి ఫొటో చూపించారు.
ఎడమ భుజం నుంచి రొమ్ము ఎముక మీదుగా
వంకాయ రంగు చార,
రెండంగుళాల వెడల్పు, అంచులు సూటిగా,
నేనే టేపు పెట్టి సుద్దతో గీసినట్టు.
ఎమిల్ తన టోపీలోకి చూసుకున్నాడు.
బెల్టు ఆమె ఒంటి మీద పెట్టిన సంతకం అది.
ముప్పై ఒకటో పేజీ మీద
ఎవరి సంతకమూ లేదు.

జ్యూరీ గదిలో బకిల్ చేతులు మారింది,
పద్నాలుగో సాక్ష్యం అని చీటీ అంటించి.
డ్వైట్ హాల్వర్సన్ దాని నాలుకని లోపలికి తోశాడు.
టక్.
అందరం మాటలాపేశాం.
వాళ్లిచ్చిన మాట అదే కదా,
రోజూ పొద్దున్నే ఆమె విని
నమ్మి, బండి కదిలించిన మాట.
అప్పుడు డ్వైట్ బకిల్ వీపుని బల్లంచుకి తాటించాడు,
గట్టిగా కూడా కాదు, గుడ్డు పగలగొట్టినంత.
నాలుక బయటికొచ్చేసింది.

అయినా తీర్పు ఊరికే రాలేదు.
ఆమె ఎంత వేగంలో ఉంది?
మంచు పడుతుందని రేడియోలో చెప్పారు కదా?
తప్పుని శాతాల కింద కొయ్యమంది చట్టం.
కొలిచి కోయడం నా పనే గనక
అందరూ నావైపు తిరిగారు.
సగం, అన్నారెవరో.
సున్నా, అన్నాను.
కిటికీ బయట మళ్లీ మంచు మొదలైంది.
డ్వైట్ ఆవులకి పాలు పిండే వేళ దాటింది.
ఐదున్నరకి
ఇరవై, అన్నాను.
నా నోటితోనే.

తీర్పు చదువుతుంటే
ఎమిల్‌కి కంపెనీ తలకెత్తిన ఎనభై వినబడలేదు.
టోపీ మోకాలి మీంచి జారింది
ఇరవై దగ్గర.

మర్నాడు షాపు ముందు
ఒక కుర్రాడు కంబైన్ సీటు దించాడు.
గట్టిగా ఉంటుందా, అనడిగాడు.
ఎనభై శాతం, అనబోయి
నోరు మూసుకున్నాను.
సాయంత్రానికి వేసిన కుట్టంతా విప్పి
మళ్లీ మొదటి నుంచి
దగ్గర దగ్గరగా.