లేని చోటు

గాల్వే రేడియోలో చెప్పారు, టీ నీళ్లు మరుగుతుండగా.
రోమ్‌లో పెద్దలు పుస్తకాలు తిరగేసి తేల్చారట:
జ్ఞానస్నానం అందకుండా పోయిన పసివాళ్లకు
వేరే చోటంటూ ఏదీ లేదట,
ఎప్పుడో ఎవరికో తట్టిన ఊహేనట.
ఆ తర్వాత గొర్రెల ధరలు. ఆ తర్వాత వాన.

స్టవ్ ఆర్పాను.
నలభై ఆరేళ్లుగా నా కొడుకు ఉంటున్నది అక్కడే.

ఫాదర్ మానియన్ చెడ్డవాడు కాడు.
గడప దగ్గరే నిలబడి, టోపీ చేతుల్లో నలుపుతూ,
"పవిత్ర భూమిలో కుదరదమ్మా" అన్నాడు.
శిక్ష కాదన్నాడు. నొప్పి ఉండదన్నాడు.
దేవుడి ముఖం మాత్రం కనపడదు, అంతే, అన్నాడు.
అంతే!
పాలు చేపుకొస్తున్న రొమ్ములతో విన్నాను ఆ మాట.

చీకటి పడ్డాక ఫెస్టస్ ఒక్కడే వెళ్లాడు.
టీపొడి పెట్టె కోటు కింద, పీట్ కోసే పార భుజాన,
లాంతరు లేకుండా.
ఎదురుపడ్డవాళ్లు దొంగ అనుకుని ఉంటారు.
సముద్రానికీ కోనీలీ వాళ్ల పొలానికీ నడుమ
ఎవరిదీ కాని ముక్క అది.
ఒడ్డుకు కొట్టుకొచ్చిన పేరులేని నావికులూ,
ఉరేసుకున్నవాళ్లూ, మా పసివాళ్లూ.
తెల్లారాక వచ్చాడు, గోళ్లలో నల్లమట్టి.
ఎక్కడని నేను అడగలేదు.
చచ్చేదాకా తను చెప్పలేదు.

ఇవాళ వెళ్లాను.
మోకాళ్లు వద్దన్నాయి, ముళ్లతీగ స్వెట్టర్ పట్టుకుంది.
గడ్డిలో తెల్లరాళ్లు, పిడికెడేసి, డెబ్బైకి పైనే.
ఏది వాడిదో తెలియక అన్నిటికీ కలిపి చెప్పాను,
గొర్రెలు మేత మానేసి చూస్తుండగా:
"ఆ చోటు లేదంటర్రా పిల్లలూ. ఇక లేవండి."

గాలి. అలలు.
ఎవరూ లేవలేదు.

ప్రభువా, నీ న్యాయం నాకు విడమరచొద్దు.
ఫాదర్ మానియన్ విడమరిచాడు, రేడియో విడమరిచింది,
ఒకరు కట్టారు, ఒకరు కూల్చారు,
ఆ ఇంట్లో కాపురం చేసింది మాత్రం నేను.
నువ్వు తప్పు చేశావనీ అనను, చేయలేదనీ అనను.
ఆ తీర్పు చెప్పే ఓపిక నాకు లేదు.

ఒక్కటే అడుగుతాను.
మంత్రసాని నన్ను చూడనివ్వలేదు,
చూస్తే మరవలేవని గుడ్డ కప్పేసింది.
వాడు నీ ముఖం చూడలేదంటే పోనీ,
నువ్వు చూశావా వాడి ముఖం?
చూసుంటే చెప్పు,
ఎవరి పోలిక?