జవాబు రేపు

ఎర్రగుంట్లలో పొద్దుటూరు రోడ్డు మలుపు కాడ
నా పంచరు షాపు.
పాలిష్ మిషను కింద మూల ఇరిగి
ఎవురూ కొనని నల్లబండ ఒగటి
గోడకు ఆనించి పెట్టినా.
ఊరంతా కాళ్లకింద పరుచుకునే రాయి,
నా కాడ మాత్రం నిలబడి మాట్లాడతాది.

పొద్దున ఆరున్నరకు తడిగుడ్డేసి తుడుస్తా.
పైన ఒక సంగతి, దాని కింద చిక్కుప్రశ్న,
ఆ కింద నవ్వు, దొరికితే.
అట్టడుగున, గాలిగొట్టం అడ్డమొచ్చే చోట,
నా మాట ఒకటి, చిన్నక్షరాలతో.

సోమవారం సంగతి:
ఆక్టోపస్‌కు మూడు గుండెకాయలు.
సిమెంటు లారీ క్లీనరు ఓబులేసు
టీ గ్లాసు పట్టుకొని రెండుసార్లు చదివి
"ఒగటి ఇంట్లోదానికి, ఒగటి ఫైనాన్సోనికి,
మూడోది యాడ దాచిపెడతాదన్నా?" అన్న్యాడు.
నవ్వు రాయాల్సిన జాగా
ఆ పొద్దు వాడే నింపినాడు.

మరుసటి దినం ప్రశ్న:
తీసేకొద్దీ పెద్దదయ్యేది ఏది?
గుంత, అని నా లెక్క.
గనుల పక్కన పుట్టినోళ్లు గదా అని
సులువైందే ఇచ్చినా.
మందుల షాపు రహంతుల్లా "అప్పు" అన్న్యాడు.
ఇస్కూలు పిల్ల గంగాభవాని సైకిలు దిగకుండానే
"మా నాయన ముందర మార్కుల మాట!" అని కేకేసి పోయింది.
బండలు కోసే నడిపెన్న మాత్రం జవాబు చెప్పలా.
టైరు బిగించేదాకా బండ కల్లే చూసి
"మేము తవ్వను మొదలుపెట్టిన నాడు
ఊరు శానా దూరముండె" అన్న్యాడు.
మార్కులు ఎవరికెయ్యాలో తెలీక
ఒక సున్నా చుట్టి
దాన్నే గుంత అనుకోమన్నా.

బుధవారం నేనే తప్పు రాసినా.
తేనెటీగకు ఆరు కండ్లంట.
రిటైరైన సైన్సు అయ్యవారు జమ్మలమడుగు బస్సులో పోతా పోతా
కిటికీలో నుంచి అయిదు వేళ్లు బయటపెట్టినాడు.
టాటా చెబుతాండాడు అనుకొని
నేనూ చెయ్యి ఊపినా.
బస్సు మలుపు తిరిగినాక తెలిసొచ్చి
ఒక కన్ను తుడిచేసినా.

అట్టడుగు వరస ఎవురూ చదవరు.
చదవరనే ధైర్యంతోనే రాస్తా.
"అందరి బండ్లూ యాడికో పోతాయి.
అవి పోయేటట్టు చేసి, నేను ఈడ్నే ఉండేది నా పని."
ఇంకోసారి,
"కరెంటు పోయిన రాత్రి
దోమ కూడా నా పేరుతోనే పిలిచింది."
గురువారం రాసింది ఇది:
"ట్యూబులో గాలి యాడ పోతాందో
తొట్టిలో నీళ్లు చెబుతాయి.
మనిషి కాడ ఎవురు చెబుతారు?"
పైనున్న అగ్గిపుల్లల లెక్క మీద కొట్లాడి
ఇద్దరు ఆటోవాళ్లు బేరం పోగొట్టుకున్యారు గానీ
కిందికి ఒక్క చూపూ దిగలా.

తెల్లారి షట్టరు ఎత్తితే
నా వరస కింద, ఇటుక పెంకుతో, ఎర్రగా,
"నీళే".
ఒత్తు మరిచిపోయినారు.
ఆడో, మగో, ఆఖరి బస్సు తప్పిపోయి
షాపు అరుగు మీద కూచున్నోళ్లో.
ఆ పొద్దు బండ తుడవలా.
"ఏమన్నా, సరుకు అయిపోయిందా?" అని అడిగినోళ్లకు
తొట్టిలో నీళ్లు మార్చేది ఉందని చెప్పినా.
మార్చినా గూడా, రెండుసార్లు.

ఈ పొద్దు శనివారం.
నిప్పుకోడి మెదడు కంటే దాని కన్ను పెద్దది.
("మా ఓనరుకు రెండూ చిన్నవే," ఓబులేసు.)
ప్రశ్న:
తెల్లగా వస్తాడు, ఊరికి చదువు చెబుతాడు,
చెప్పేకొద్దీ పొట్టయిపోతాడు,
కడాకు ఎవరో ఒకరి వేళ్లకు పొడై మిగులుతాడు.
ఎవరు?
సుద్దముక్క అన్నోళ్లకు సగం మార్కులు.
తక్కిన సగం జవాబు రేపు.

రేపు ఆదివారం. షాపు సెలవు.