పన్నెండు సెకన్లు

గ్రిమ్స్‌బీ కోర్టులో వీడియోలు ఆడించేది నేనే.
డెన్జిల్ స్కెల్టన్, చేపల రేవులో కూలీ.
కుడి చెయ్యి భుజం దాటి లేవదని
బైబిలు ఎడమచేత్తో పట్టుకుని మరీ చెప్పాడు.

తెర మీద అదే చెయ్యి
పావురాల గూటి కప్పుకి రేకు ఎత్తుతోంది.
పన్నెండు సెకన్లు.
జడ్జి మళ్ళీ వెయ్యమన్నారు.
రెండోసారి నాకింకోటి కనబడింది:
రేకు వదిలాక అతను
పంటి బిగువున
ఆ భుజాన్ని పసిబిడ్డలా పొదివి పట్టుకున్నాడు.

దెబ్బ నిజమేనట, ఎదుటి డాక్టరే ఒప్పుకున్నాడు.
కానీ గోరంత నిజానికి కొండంత అబద్ధం అతికించి తెస్తే
విడదీసి ఇవ్వడం చట్టం పని కాదు.
దావా మొత్తం కొట్టేశారు.
కంపెనీవాళ్ళ ఖర్చులు, అరవై వేల పౌండ్లు,
ఇతని నెత్తినే.
కోర్టు ధిక్కారం సంగతి తర్వాత చూస్తారట.

బయట వాన.
వరండాలో కోటు తొడుక్కోబోతే
కుడి చెయ్యి సగంలో ఆగిపోయింది.
సాయం కోసం కాదు,
కెమెరా ఉందేమోనని
గోడ మూలలకేసి చూశాడు.

వెళ్ళి కోటు పట్టుకున్నాను.
పట్టుకునే, అతని మొహంలోకి చూశాను,
నొప్పి ఎంతవరకు నిజమో అని.