దుబాసి

తుఫాను షెల్టరు మేడ మీద సభ.
గోపాల్‌పూర్ నోలియాసాహి ఆడవాళ్ళం నలభైమందిమి.
గోవాలో వేట బందని ఇంటికొచ్చిన మగవాళ్ళు పదకొండుమంది,
గోడవారగా, ఆర్పిన బీడీలు చెవుల మీద పెట్టుకుని.
ఛత్రపురం నించి వచ్చినవాళ్ళకి తెలుగు రాదు.
మావాళ్ళకి ఒడియా వచ్చు, బేరానికి సరిపడా.
చేప ధర దాటిన మాటకి నేను కావాలి.
పూటకి రెండొందలు, టీ, ఒక బిస్కట్ పొట్లం.

ముందు హెడ్మాస్టరు పాణిగ్రాహి లేచారు.
మంచాయన. నా కూతురికి లెక్కలు వచ్చాయంటే ఆయన చలవే.
"సంయమ" అన్నారు, కళ్ళజోడు తీసి తుడుస్తూ.
తొడుగులు పంచితే తప్పుకి తలుపు తీసి
దీపం కూడా పెట్టినట్టే అన్నారు.
ఆ మొదటి మాటకి నేను తెలుగు వెతికాను.
నిగ్రహమంటే వెనక వరసకి విగ్రహమని వినపడుతుంది.
అదుపంటే ఎవరి అదుపని అడుగుతారు.
చివరికి "ఓర్చుకోవాలంట" అన్నాను.
ఆడవాళ్ళందరూ ఒక్కసారే నవ్వారు.
ఎందుకో తెలియకపోయినా
మాస్టారూ నవ్వారు పాపం.

సిస్టరు సబిత తెడ్డు అడిగి తెప్పించింది.
పిడి మీద తొడిగి చూపించింది, చివర గాలి లేకుండా నొక్కి.
మగవాళ్ళంతా సముద్రం వైపు చూశారు,
ఎన్నడూ చూడనట్టు.
"మీరు చెప్పిందీ మంచిదే మాస్టారూ,
పది నెలల నీళ్ళ మీద అది ఎంతదూరం ఈదుతుంది?
నా రిజిస్టరులో ఈ ఏడు కొత్త పేర్లు తొమ్మిది.
ఆరు, ఈ ఇసక దాటి ఎక్కడికీ వెళ్ళని పెళ్ళాలవి."
ఆరు అన్న దగ్గర నా గొంతు తడబడింది.
ఇద్దరు ముందు వరసలోనే ఉన్నారు.
వాళ్ళ వైపు చూడకూడదని
సిస్టరు నా మొహమే చూస్తోంది.

అప్పుడు మైలపల్లి నూకాలు లేచింది.
ఎవరూ లేవమనలేదు.
"ఓర్సుకోడం నాకొచ్చు. పదేళ్ళు ఓర్సుకున్నాను.
ఓర్సుకున్నదానికే ఒచ్చింది జబ్బు. అది మేష్టరికి సెప్పు.
ఆ రబ్బరూ మంచిదే గావాల.
ఏసుకోమని నానడిగితే
'నీకెవుడు నేర్పినాడే' అంటాడు.
దానికి మందేటో సిస్టరినడుగు."

ఎనిమిదేళ్ళుగా చేస్తున్నాను ఈ పని.
ఆ పూట నాకు ఒడియా రాలేదు.
జబ్బుకి మాట ఉంది, మందుకి మాట ఉంది,
"నేర్పినాడే"లో ఆ చివరి "ఏ" ఉంది చూశారా,
చెంప మీద పడే ఆ అక్షరం,
దాన్ని ఎక్కడ పెట్టాలి?
మొదటి సగం మాస్టారికి ఇచ్చాను,
రెండో సగం సిస్టరుకి.
ఇద్దరూ రాసుకున్నారు.
తరవాత వాళ్ళిద్దరూ వాదించుకున్నారు
మర్యాదగా, చల్లారుతున్న టీ ముందు.
దానికి దుబాసి అక్కర్లేదు.
నూకాలు బుట్ట తలకెత్తుకుని మెట్లు దిగిపోయింది,
మధ్యాన్నం బోట్లు వచ్చే వేళ.

మెట్ల పక్కన మేకులు కొట్టి పెట్టెవేలాడదీశారు.
సాయంత్రానికి సగం ఖాళీ.
తీసినవాళ్ళని చూసినవాళ్ళు లేరు.
నేను తీసింది కూడా.

నెలాఖరున మా ఆయన బండి, బరంపురం స్టేషన్లో.
ఆ రాత్రి కరెంటు లేదు. అతను వల కంతలు చూస్తున్నాడు.
తెలుగులో నాలుక లేవలేదు.
ఒడియాలో అడిగాను, సిస్టరు గొంతుతో,
మరెవరి ఇంట్లోనో మాట్లాడుతున్నట్టు.
నీకెవరు నేర్పారని అతను అనలేదు.
చాలాసేపటికి, వల మీంచి తల ఎత్తకుండానే
కొంకణిలో ఏదో ఒక మాట అన్నాడు.
నాకు రాని భాష. అర్థమైంది.
అతనికెవరు నేర్పారని నేనూ అనలేదు.
పొట్లం చేతికిచ్చాను.
పళ్ళతో కాదు,
వేళ్ళతో, అంచున ఉన్న గాటు దగ్గర
నిదానంగా చింపాడు.