పదిహేనంగుళాలు

గోడలు కొయ్యడం నా బతుకుతెరువు.
విన్నిపెగ్‌లో సెప్టెంబరు చివర,
నేల ఇంకో నెలకి రాయవుతుందనగా,
అందరికీ ఒక్కసారే గుర్తొస్తుంది
ఇంటి కింద ఒక గది ఉందని.

స్టెఫానియా గారి బేస్‌మెంట్‌లో
బీట్‌రూట్ సీసాలు, కాలు విరిగిన కుట్టుమిషను,
కప్పుకి ఆనుకుని పిల్లి పట్టేంత గాజుముక్క.
అందులోంచి గడ్డి మొదళ్ళు కనిపిస్తాయి.
ఆకాశం కనిపించదు.

"మనిషి పడుకునే గది కావాలి" అంది.
మనిషి పడుకోవాలంటే ముందు
మనిషి పారిపోగలగాలి. ఇక్కడి రూలు అదే.
మెట్లని పొగ ఆక్రమించిన రాత్రి
గోడే దారివ్వాలి.
ఎటు కొలిచినా పదిహేనంగుళాలు తగ్గకూడదు.
తాళంచెవి వెతక్కుండా, సుత్తి వెతక్కుండా,
నిద్రమత్తులో, చీకట్లో,
లోపలి చేతికి తెరుచుకోవాలి.

రెండు రోజులు బయట తవ్వాం, నేనూ రొడేలియో.
ఈ ఊరి బంకమన్ను
అప్పిచ్చినవాడిలా పార పట్టుకుని వదలదు.
మూడోరోజు రంపం పెట్టాం.
నీళ్ళు పోస్తుంటే బూడిదరంగు జావ కారింది,
పైన వంటింట్లో గిన్నెలు వణికాయి.
యాభైనాలుగులో పోసిన గోడట.
కోత అంచులో చొక్కా బొత్తాం ఒకటి బయటపడింది,
ఆనాటి ఏ కూలీదో.
రొడేలియో దాన్ని తుడిచి జేబులో వేసుకున్నాడు.
ఎందుకని నేనడగలేదు.

ముక్క ఊడి ఒరిగినప్పుడు
మొదట వచ్చింది వెలుతురు కాదు, దుమ్ము.
ఆ వెనక చలిగాలి.
ఆ వెనక పక్కింటి కుక్క మొహం.

గొయ్యి మీద ఇనపజాలీ వేస్తానన్నాను:
లోపల్నుంచి తోస్తే లేస్తుంది,
మంచు నిండదు, దొంగల భయం ఉండదు.
"వద్దు."
చవకేనండీ అన్నాను.
"ఊచ అన్నది వాడి కంట పడకూడదు.
మంచు నేనెత్తి పోసుకుంటాను."
డెబ్బై ఒక్కేళ్ళ మనిషి.
వాడెవడో, ఎన్నేళ్ళు ఊచలు లెక్కపెట్టాడో
నా కొలతల్లోకి రాదు.
టేపు చుట్టి నడుముకి తగిలించుకున్నాను.

ఇన్‌స్పెక్టర్ వచ్చాడు, రెండుసార్లు తెరిచాడు,
సంతకం పెట్టి పోయాడు.
ఆవిడకి ఆ సంతకం చాల్లేదు.
చెప్పులు విప్పి, స్టూలెక్కి,
తల, ఒక భుజం, ఇంకో భుజం,
గోడలోంచి తనే పాకింది.
మోకాలు గీరుకుంది. నిచ్చెన మెట్లు నాలుగూ ఎక్కి
గడ్డిలో నిలబడి, ఆయాసం తీరాక,
"వాడు నాకంటే సన్నమే" అంది.

జనవరిలో కిటికీ అంచు చెమ్మ పట్టిందని
కబురు చేస్తే వెళ్ళాను.
గోతిలో మంచు రేణువు లేదు.
గోతి నుంచి అడుగుజాడలు, ఇల్లు చుట్టి,
వీధిగుమ్మం దాకా.
"మైరన్" అంది, నేను చూడ్డం చూసి.
"రాత్రుళ్ళు అటు ఎక్కి, ఇటు వచ్చి
తలుపు కొడతాడు. లేచి తీస్తాను.
ఏమీ మాట్లాడడు. టీ తాగి కిందికెళతాడు."
రోజూనా?
"మొదట్లో రోజూ. ఇప్పుడు ఆదివారాలు మానేశాడు."

మెల్లిగా దిగాను.
దుప్పటి కింద పొడవాటి మనిషి, గోడవైపు తిరిగి, గురక.
బయట మైనస్ ఇరవై ఎనిమిది.
కిటికీ జానెడు తెరిచి ఉంది.
చెమ్మ ఎక్కణ్ణించో తెలిసింది.
మూల ఫర్నేసు ప్రాణం పెట్టి మండుతోంది.

పైకొచ్చి, అంచు బాగానే ఉందన్నాను.
గ్యాసు బిల్లు మాట ఆవిడ ఎత్తలేదు,
నేనూ ఎత్తలేదు.